ఆసుపత్రి కోర్సులో చేరే ముందు: ఇంటరు పిల్లలకి ఒక సిస్టర్ చెప్పే మాటలు

ఇంటరు ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంటుంది: "మా పిల్లని ఏ కోర్సులో వెయ్యమంటారు సిస్టరమ్మా?" నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుని. అడిగేవాళ్ళు చాలామంది ముందే ఒక పేరు అనుకుని వస్తారు. ల్యాబు మంచిదని ఎవరో చెప్పారు, డయాలసిస్‌కి డిమాండుందని ఇంకెవరో చెప్పారు. ఫీజు ఎంత, జీతం ఎంత అన్న రెండు లెక్కలూ వేసుకుంటారు. పిల్ల రోజంతా ఏం పని చెయ్యాల్సి వస్తుందో మాత్రం అడగరు. అందుకే ఇక్కడ పిల్లలతోనే నేరుగా మాట్లాడతాను, మా వార్డుకి ట్రైనింగుకొచ్చేవాళ్ళతో మాట్లాడినట్టు.

ముందు తేల్చుకోవాల్సింది కోర్సు పేరు కాదు. పేషెంటుకి నువ్వు ఎంత దగ్గరగా ఉండగలవో తేల్చుకో. ఆసుపత్రిలో అందరూ ఒకే దూరంలో ఉండరు. నర్సు మంచం పక్కనే ఉంటుంది. ల్యాబ్ టెక్నీషియన్ సూది గుచ్చిన రెండు నిమిషాలే పేషెంటు దగ్గరుంటాడు, మిగతా పనంతా మెషీనుతోనే. ఎక్స్‌రే టెక్నీషియన్ సీసపు అద్దం వెనక నిలబడతాడు. ఫార్మసిస్టుకి మధ్యలో కౌంటరు ఉంటుంది. వీటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని నేను అనుకోను. కానీ తన దూరం తెలుసుకోకుండా చేరినవాళ్ళు కోర్సు మధ్యలో మానేసి వెళ్ళిపోవడం చాలాసార్లు చూశాను, ఆ ఫీజు అమ్మానాన్నలు ఎలా కట్టారో కూడా తెలిసి చూశాను.

నీ దూరం ఎంతో తెలుసుకోడానికి ఒక మార్గం ఉంది. చుట్టాల్లో ఎవరైనా ఆసుపత్రిలో అడ్మిటయితే రాత్రికి అటెండెంటుగా నువ్వు ఉండు. బెడ్‌పాన్ నువ్వే పెట్టు, వాంతి చేసుకుంటే నువ్వే తుడువు, సెలైన్ అయిపోతుంటే సిస్టర్ని నువ్వే వెళ్ళి పిలువు. పక్క మంచం మీద ముసలాయన రాత్రంతా మూలుగుతుంటే నీకు ఎలా ఉందో చూసుకో. రక్తం చూసి కళ్ళు తిరిగినంత మాత్రాన భయపడకు, చాలామందికి అది మొదటి నెలలోనే పోతుంది. చీము వాసన, మలం వాసన, చావు ఇంటి ఏడుపు, వీటికి ఏళ్ళు గడిచినా అలవాటు పడనివాళ్ళుంటారు. అది తప్పేమీ కాదు. వాళ్ళు మైక్రోస్కోపు ముందో, మందుల స్టోరులోనో ఎంతో బాగా పనిచేస్తారు.

మంచం పక్కన ఉండగలను అనిపిస్తే నర్సింగ్ వైపు చూడు. డబ్బు, మార్కులు అనుకూలిస్తే బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, లేకపోతే జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్ళు. నేను జీఎన్‌ఎమ్మే. తర్వాత కావాలంటే రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు, తలుపు మూసుకుపోదు. ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్ళు, అది ఆడపిల్లలకే. ఏఎన్‌ఎంగా రిజిస్టరయ్యాక జీఎన్‌ఎంకి వెళ్ళే దారి కూడా ఉంది.

ఏఎన్‌ఎం అంటే చిన్న నర్సు అనుకుని చేరకు. ఆ పనే వేరు. సబ్ సెంటరు, ఊరు, ఎండ. బుధవారం, శనివారం టీకాల రోజులు. ఐస్ ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్ భుజానేసుకుని వెళ్ళాలి, గర్భిణుల లెక్క రాయాలి, బీపీ, షుగరు ఉన్నవాళ్ళ ఇళ్ళకి తిరగాలి, ఆ వివరాలన్నీ మళ్ళీ ట్యాబులో ఎక్కించాలి. మాట కలుపుకోవడం ఇష్టమైన పిల్లకి ఇది చాలా మంచి ఉద్యోగం. "టీకా వేస్తే జ్వరమొస్తుంది, వద్దు" అనే అత్తగారిని కూర్చోబెట్టి ఒప్పించగలిగితే సగం పని అయిపోయినట్టే. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక మన రాష్ట్రంలో సచివాలయంలోనే ఏఎన్‌ఎం పోస్టు పెట్టారు, అందుకే చాలామందికి సొంత మండలంలోనే పని దొరికింది. కాకపోతే లోపల వార్డులో, ఐసీయూలో పని నేర్చుకోవాలన్న ఆశ ఉన్నదానికి ఇది సరిపోదు.

పదో తరగతితోనో ఇంటరుతోనో చదువు ఆపెయ్యాల్సి వచ్చి, ఇంటికి వెంటనే నాలుగు రూపాయలు కావాలంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ ట్రైనింగు ఉంది. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల కింద కొన్ని నెలలు ఉచితంగా నేర్పుతారు. పల్లెల్లో పేద ఇళ్ళ పిల్లలకి డీడీయూజీకేవై అనే పథకం కింద హాస్టలు కూడా ఇచ్చిన కేంద్రాలున్నాయి. పేషెంటుకి ఒళ్ళు తుడవడం, రెండు గంటలకోసారి పక్క తిప్పడం, ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబులో ఆహారం పట్టడం, వీల్‌చైర్లోకి దించడం, ఇదీ పని. మంచాన పడ్డ మనిషి వీపుకి పుండు పడకుండా కాపాడేది చాలాసార్లు డాక్టరు రాసిన మందు కాదు, ఈ పిల్లల చేతులే. ఈ పనిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయినా ఒక సంగతి దాచకుండా చెప్పాలి: ఈ సర్టిఫికెట్టుతో నర్సు కాలేవు. ఇంజెక్షన్ చెయ్యమని ఏ నర్సింగ్ హోమ్‌లోనైనా చెప్తే చెయ్యకు. జరగరానిది జరిగితే నిన్ను కాపాడే కాగితం ఏదీ నీ దగ్గర ఉండదు. విశాఖ, హైదరాబాదుల్లో ఇళ్ళల్లో వృద్ధుల్ని చూసుకునే పనికి ఏజెన్సీలు పంపిస్తుంటాయి. వెళ్ళే ముందు డ్యూటీ పన్నెండు గంటలా, ఇరవైనాలుగు గంటలా, పడుకోడానికి వేరే చోటు ఉందా, ఇంటి పని కూడా చేయిస్తారా, జీతంలో ఏజెన్సీ ఎంత కోసుకుంటుంది, ఇవన్నీ రాయించుకో.

ఇక డయాలసిస్. మా జిల్లాలో దీని గురించి అడగని ఇల్లు ఉండదు. ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఈ మండలాల్లో ఇంటికొకరుగా కిడ్నీలు పోగొట్టుకున్న ఊళ్ళున్నాయి. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. పని ఉంటుందన్న మాట నిజమే. కానీ ఆ పని ఎలా ఉంటుందో విను. ఒక్కో పేషెంటుకి నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. డయాలసిస్ కోసం చేతిలో ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులాలోకి గుచ్చే సూదులు మామూలు ఇంజెక్షన్ సూదికంటే బాగా లావు, ఒకసారికి రెండు. నిమిషానికి ఐదువందల మిల్లీలీటర్ల చొప్పున డయాలసిస్ ద్రవం పారితే నాలుగు గంటలకి నూట ఇరవై లీటర్లు. ఆ నీళ్ళు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు సరిగ్గా లేకపోతే పేషెంటు ప్రాణం మీదకొస్తుంది. అందుకే మంచి టెక్నీషియన్ పొద్దున్నే పేషెంటు కంటే ముందు నీళ్ళ సంగతి చూస్తాడు. మధ్యలో బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, హెపటైటిస్ ఉన్నవాళ్ళకి మెషీన్ వేరుగా ఉంచాలి. నెలల తరబడి అవే మొహాలు వస్తాయి కాబట్టి వాళ్ళు నీకు బాబాయిలు, పిన్నులు అయిపోతారు. పిల్ల పెళ్ళి శుభలేఖ ఇస్తారు. ఒక వారం ఆ మంచం ఖాళీగా ఉంటుంది. ఆ రోజు కూడా పక్క మంచం మీద వాళ్ళకి చెయ్యి వణక్కుండా సూది పెట్టాలి. అది తట్టుకోగలననుకుంటే చేరు. నాకు తెలిసిన డయాలసిస్ పిల్లల్లో కొందరు ఈ ఆసుపత్రి పనులన్నిట్లోకీ ఇదే తృప్తినిస్తుందంటారు. వాళ్ళని చూస్తే ఆ మాట నమ్మాలనిపిస్తుంది.

ల్యాబు సంగతికొస్తే, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) రెండేళ్ళు, పారామెడికల్ బోర్డు కింద. ఇంటర్లోనే ఒకేషనల్ ఎంఎల్‌టీ చేసినవాళ్ళు ప్రభుత్వాసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేశాకే బోర్డులో రిజిస్టరవుతారు. ఆ ఏడాది ఎగ్గొట్టి నేరుగా ప్రైవేటు ల్యాబులో చేరిపోయే పిల్లలున్నారు. ప్రభుత్వ నోటిఫికేషన్ పడ్డ రోజున వాళ్ళ బాధ చూడలేం. ఈ పనికి కావాల్సింది క్రమశిక్షణ. ఊదా మూత ట్యూబు రక్తకణాల లెక్కకి, బూడిద మూత షుగరుకి, నీలం మూత రక్తం గడ్డకట్టే పరీక్షకి. ఆ నీలం ట్యూబుని గీత దాకా నింపకపోతే రిపోర్టే తప్పు వస్తుంది, దాన్ని నమ్మి డాక్టరు మందు మార్చేస్తారు. పేరు రాయని ట్యూబు మా వార్డు నుంచి వెళ్తే వెనక్కి పంపించే టెక్నీషియనంటే నాకు చాలా గౌరవం. రాత్రి బ్లడ్ బ్యాంకులో క్రాస్ మ్యాచ్, అంటే ఎక్కించే రక్తం పేషెంటుకి సరిపడుతుందో లేదో చూసే పరీక్ష, చేసేటప్పుడు నిద్రమత్తు పనికిరాదు. సీతంపేట లాంటి గిరిజన ఏజెన్సీ వైపు పోస్టింగు పడితే మలేరియా స్లైడులు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు పరీక్షలు చేతి నిండా ఉంటాయి. రంగుల తేడా కనిపించని వాళ్ళు ఈ కోర్సు తీసుకోకపోవడం మేలు, చేరే ముందే కంటి డాక్టరుకి చూపించుకో. చిన్న ప్రైవేటు ల్యాబుల్లో అయితే తెల్లవారుజామునే బండి మీద ఇంటింటికీ వెళ్ళి శాంపిళ్ళు తేవడం కూడా నీ పనే అవుతుంది.

ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ వైపు వెళ్ళేవాళ్ళది మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా. రేడియేషన్ అంటే భయపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. ఒంటికి తగిలే రేడియేషన్ ఎంతో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీకి పెట్టుకుని, లెడ్ ఏప్రాన్ వేసుకుని, నియమం ప్రకారం పనిచేస్తే భయపడాల్సిన పని లేదు. బ్యాడ్జి ఇవ్వని చోట మాత్రం చేరకు. ఇంకో మాట. "స్కానింగ్ కోర్సు" అని చెప్పి కడుపు స్కానింగ్ నువ్వే చేస్తావని ఆశపెట్టే సంస్థలున్నాయి. 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద ఆ మెషీన్ పట్టేది అర్హత ఉన్న డాక్టరే. అలా చెప్పిన చోట ఇంకో ప్రశ్న కూడా అడక్కుండా లేచి వచ్చెయ్యి.

డీ ఫార్మసీ రెండేళ్ళు, దానిపైన ఐదువందల గంటల ప్రాక్టికల్ ట్రైనింగు. ఎంపీసీ వాళ్ళు కూడా చేరొచ్చు, అది చాలామందికి తెలీదు. లెక్కలు, రికార్డులు నచ్చేవాళ్ళకి సరిపోయే పని. పీహెచ్‌సీలో అయితే మందుల ఇండెంటు, ఎక్స్‌పైరీ తేదీలు, టీకాల ఫ్రిజ్ ఉష్ణోగ్రత రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉందో లేదో పొద్దునా సాయంత్రం రాయడం చాలాచోట్ల ఫార్మసిస్టు చేతిలోనే ఉంటాయి. చదివేశాక సర్టిఫికెట్టుని ఏ మెడికల్ షాపుకో ఏడాదికింతని అద్దెకిచ్చి ఇంట్లో కూర్చోమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఇవ్వకు. ఆ షాపులో తప్పు మందు ఎవరు అమ్మినా లైసెన్సు మీద ఉండేది నీ పేరే.

ఆపరేషన్ థియేటర్, అనస్థీషియా టెక్నీషియన్ కోర్సులు ఎక్కువసేపు నిలబడగలిగి, పిలిచిన అర్ధరాత్రి రాగలిగేవాళ్ళకి. కంటి వైపు ఆసక్తి ఉంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇంటరు అయిన పల్లె పిల్లలకి ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా ఊళ్ళ దగ్గరి కేంద్రాల్లో వేస్తుంది. ఆ దారి గురించి మన వైపు తెలిసినవాళ్ళు తక్కువ, అడిగి తెలుసుకో. 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో పేషెంటుకి అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా, చేరాలంటే మామూలుగా లైఫ్ సైన్సెస్ డిగ్రీయో, నర్సింగో, ఫార్మసీయో ఉండాలి, ఇంటరు చాలదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సర్వీసు ఇప్పుడు దేశంలో చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది. కదిలే బండిలో ప్రసవం చెయ్యగల ధైర్యం ఉన్నవాళ్ళు డిగ్రీ అయ్యాక దాని గురించి ఆలోచించొచ్చు. పేషెంటుని అసలు ముట్టుకోలేను, కానీ వాళ్ళకి ఉపయోగపడాలి అనుకునేవాళ్ళకి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద వచ్చేవాళ్ళకి ఆసుపత్రిలో సాయం చేసే వైద్య మిత్ర లాంటి ఉద్యోగాలున్నాయి. కార్డు పట్టుకుని ఏ గదికి వెళ్ళాలో తెలీక తిరిగే ముసలమ్మకి ఆ కుర్రాడే దిక్కు.

కోర్సు ఏదో తేలింది కదా. ఇప్పుడు ఫీజు కట్టే ముందు చూడాల్సినవి. ఇక్కడ తొందరపడకు.

కాలేజీ వాళ్ళని ఒకటే అడుగు: "పాసయ్యాక నా పేరు ఎవరి రిజిస్టర్లోకి ఎక్కుతుంది?" నర్సింగ్, ఏఎన్‌ఎం అయితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్. డీ ఫార్మసీ అయితే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్. ల్యాబు, ఎక్స్‌రే, డయాలసిస్, థియేటర్ కోర్సులైతే పారామెడికల్ బోర్డు, లేదా దాని స్థానంలో ఉన్న కౌన్సిల్. జవాబు చెప్పకుండా "గవర్నమెంటు గుర్తింపు ఉందమ్మా" అని ఊరుకుంటే అనుమానించాల్సిందే. బోర్డు వెబ్‌సైట్లో గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది. కాలేజీ పేరొక్కటే చూసి సరిపెట్టుకోకు, నువ్వు చేరే కోర్సుకి, ఈ ఏడాదికి గుర్తింపు ఉందో లేదో చూడు. ల్యాబుకి ఉండి డయాలసిస్‌కి లేని కాలేజీలుంటాయి. దూరవిద్యలో డీఎంఎల్‌టీ, ఆరు నెలల్లో "నర్సింగ్ డిప్లొమా" అనే బోర్డులు బస్టాండు పక్కన కనిపిస్తుంటాయి. 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ ప్రొఫెషన్ల చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కోర్సు కనీసం రెండేళ్ళు, రెండువేల గంటలు ఉండాలి. ఆరు నెలల కాగితం దాని దరిదాపుల్లోకి రాదు. మా వీధిలో ఒక పిల్ల అలాంటి చోటే చదివి, తెల్ల కోటు వేసుకుని ఏళ్ళ తరబడి నర్సింగ్ హోమ్‌లో పనిచేసింది. చెయ్యి చాలా మంచిది, చంటిపిల్లలకి సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టడంలో నాకంటే నేర్పరి. ఏ దరఖాస్తుకీ పనికిరాని కాగితం వల్ల ఇప్పటికీ అదే జీతంలో ఉంది. ఆ పిల్ల గుర్తొస్తేనే ఈ పేరా ఇంత పొడవైంది.

రెండోది, ట్రైనింగు ఎక్కడ ఇస్తారు? కాలేజీకి అనుబంధంగా ఆసుపత్రి ఉందా, ఎన్ని పడకలు, అక్కడ నిజంగా పేషెంట్లున్నారా? నువ్వే ఒకరోజు పొద్దున్న ఓపీ టైములో వెళ్ళి చూడు. పాసైన పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని వెతికి పట్టుకుని మాట్లాడు, ఆఫీసు వాళ్ళు చూపించినవాళ్ళతో కాదు.

జీతం గురించి నిజం చెప్పాలంటే, ప్రైవేటులో మొదటి ఏడాది రెండేళ్ళు చేతికి వచ్చేది నిరాశపరుస్తుంది. అది అన్ని కోర్సులకీ వర్తిస్తుంది, కాబట్టి మొదటి జీతం చూసి కోర్సు ఎంచుకోకు. ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటావో చూడు. ప్రభుత్వంలోకి రావాలంటే ఎక్కువగా ముందు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పోస్టులే దారి. తెలంగాణలో వైద్య ఉద్యోగాల నియామక బోర్డు ల్యాబ్ టెక్నీషియన్, నర్సింగ్ ఆఫీసర్ లాంటి పోస్టులు నింపినప్పుడు 80 మార్కులు పరీక్షకి, 20 మార్కులు ప్రభుత్వ కాంట్రాక్టు సర్వీసుకి ఇచ్చింది. మన దగ్గర డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) నోటిఫికేషన్లలో కోర్సు మార్కులతో పాటు పాసై గడిచిన ఏళ్ళకి, చేసిన సర్వీసుకి కూడా వెయిటేజీ ఉంటుంది. అంటే కోర్సులో తెచ్చుకున్న మార్కు ఏళ్ళ తరబడి వెంట వస్తుంది. పాసైతే చాలనుకుని చదవకు. గిరిజన ప్రాంతంలో పోస్టు వస్తే వెనక్కి తగ్గకు, అక్కడి సర్వీసుకి వెయిటేజీ ఎక్కువ ఇచ్చిన నోటిఫికేషన్లున్నాయి, పని కూడా తొందరగా పట్టుబడుతుంది.

గల్ఫ్, జర్మనీ, జపాన్ ఆశ ఉంటే నర్సింగే తీసుకో, మిగతా డిప్లొమాలకి ఆ తలుపులు అంత సులువుగా తెరుచుకోవు. వెళ్ళేటప్పుడు విదేశీ ఉద్యోగాలకి పంపే, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్ళు, ఊళ్ళో ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టకు.

ఇళ్ళల్లో పెద్దవాళ్ళతో కూడా ఒక మాట ముందే తేల్చుకోవాలి, ముఖ్యంగా ఆడపిల్లలు. వార్డు డ్యూటీ పొద్దున్న ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి మళ్ళీ పొద్దున్న ఎనిమిది దాకా. ఈ టైముల్లో తేడాలుంటాయి కానీ నైట్ డ్యూటీ లేని నర్సింగ్ ఉండదు. "పెళ్ళయ్యాక నైట్లు మానేస్తుందిలే" అని మనసులో అనుకుని చేర్పించే అమ్మానాన్నలకి నేను మొహమాటం లేకుండా చెప్తాను, అలాగైతే ఏఎన్‌ఎమ్మో ఫార్మసీయో చేర్పించండి అని. అబ్బాయిలకి నర్సింగ్‌లో సీట్లూ పోస్టులూ తక్కువ. ల్యాబు, ఇమేజింగ్, డయాలసిస్, థియేటర్ వైపు వాళ్ళకి పోటీ సమానంగా ఉంటుంది. అయినా మంచి మగ నర్సులు వచ్చి మా మెడికల్ వార్డులో బరువైన పేషెంట్లని లేవదీసే రోజు చూసి ఎంత సంతోషించానో. నచ్చితే రా.

చేరాక మొదటి వారంలో చెయ్యాల్సింది ఒకటుంది. హెపటైటిస్ బి టీకా వేయించుకో. ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, మొదటిదానికి ఆరు నెలలకి ఒకటి, మూడూ పూర్తి చెయ్యి. వార్డు పోస్టింగు పడ్డాక మొదలుపెడదామని ఆగకు. సూది గుచ్చుకుంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే ఇన్‌చార్జి సిస్టరుకి చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ వాళ్ళు వెరిఫికేషన్‌కి తీసుకుంటే రసీదు రాయించుకో, ఉద్యోగంలో చేరినచోట బాండు పేరుతో ఉంచుకుంటామంటే ఇవ్వకు. ప్రతి చోటా వదిలి వెళ్ళేటప్పుడు అనుభవ సర్టిఫికెట్టు తేదీలతో, సంతకంతో, ముద్రతో తీసుకో. రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ ఫోనులో పెట్టుకో.

ఇంకా ఎటూ తేలకపోతే ఏదో ఒక మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి దగ్గర్లో ఉన్న ఏరియా ఆసుపత్రికి రా. ల్యాబ్ కిటికీ, మందుల కౌంటరు, ఎక్స్‌రే గది, ఫీమేల్ వార్డు, ఒక్కోచోట అరగంట నిలబడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎవరో ఒక సిస్టరు దొరుకుతుంది. ఆవిడని అడుగు, చెప్తుంది.